పక్కన వేసిన కుర్చీ

కంకిపాడులో పునాదిపాడు వైపు, నిన్నమొన్నటి దాకా వరి పండిన చేలో ఒక ఇల్లు లేస్తోంది. కట్టిస్తున్నది ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. ఊరందరికీ ఆయన డీఈ గారు. కడుతున్నది ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఇళ్లు కడుతున్న తాపీ మేస్త్రి. స్లాబ్ పోసి తొమ్మిది రోజులైంది. పైన సిమెంటు గట్లు కట్టి నీళ్లు నిలిపారు. పక్క డాబా మీంచి చూస్తే మిద్దె మీద వరి మడి కట్టినట్టుంటుంది. కింద సెంట్రింగ్ కర్రల పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ముగ్గు పోసిన రోజు నుంచి డీఈ గారు పొద్దస్తమానం అందులోనే.

మేస్త్రి కొడుకు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాడు. ప్రభుత్వ పనులకి కాంట్రాక్టరుగా రిజిస్టరు చేయించుకుంటానంటాడు. తండ్రి ససేమిరా అంటాడు. కుర్రాడు వచ్చి డీఈ గారితో చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం కూలీలు కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాక మాట మొదలైంది.

డీఈ: ఏం మేస్త్రీ, కుర్రాడి కాగితాలకి అడ్డం పడ్డావట?

మేస్త్రి: కాగితాలకైతే అడ్డం పడనండీ. ఇంటికి అడ్డం పడ్డాను. రిజిస్ట్రేషన్‌కి సాల్వెన్సీ కావాలంట. వాడి పేర ఆస్తి చూపించాలంట. ఉన్న ఒక్క ఇల్లూ దానపత్రం రాసిమ్మంటున్నాడు. వీడికి పని వచ్చో రాదో అడగని ఆఫీసు, వీడి పేర ఏముందో మాత్రం అడుగుతోంది. అదేం పద్ధతండీ?

డీఈ: అడగాలి కదా. జనం సొమ్ముతో కట్టే బడి, రోడ్డు, మురుగు కాలువ. సగంలో వదిలేసి పోతే రాబట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. నేను సర్వీసులో ఉన్నప్పుడే 2003 జూలై 1న 94 నంబరు జీవో వచ్చింది. టెండర్ల పద్ధతి మొత్తం దాంతో మారింది. అడుగున ఐదో క్లాసు, నెత్తిన స్పెషల్ క్లాసు. క్లాసు పెరిగేకొద్దీ చేయగల పని విలువ పెరుగుతుంది, సంతకం పెట్టే అధికారి హోదా కూడా పెరుగుతుంది. మీవాడు అడుగుతున్నది అడుగు మెట్టే.

మేస్త్రి: ఆ మెట్లు మావాడు పుస్తకంలో గీసుకున్నాడు లెండి. ఏ మెట్టు దగ్గరైనా తాపీ చేతికిచ్చి, ఒక మూల కట్టి చూపించమంటారా?

డీఈ: అనరు. పాన్ అడుగుతారు, జీఎస్టీ అడుగుతారు. అంతకుముందు చేసిన పనుల సర్టిఫికెట్లు చూస్తారు. పై క్లాసులకైతే జీతానికి పెట్టుకున్న ఇంజనీర్లెవరు, మిషన్లు ఏమున్నాయి అంటారు. పెద్ద టెండరు వేసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. గడిచిన ఐదేళ్లలో ఏ ఒక్క ఏడాదిలో ఎక్కువ పని చేశావో దాన్ని రెట్టింపు చేసి, కొత్త పనికి ఎన్నేళ్ల గడువుందో దానితో హెచ్చవేసి, అందులోంచి చేతిలో ఉన్న పనుల విలువ తీసేస్తారు. మిగిలిందే నువ్వు మోయగల బరువు.

మేస్త్రి: డబ్బు బరువు. స్తంభం మీద పడే బరువు కాదు.

డీఈ: స్తంభం బరువు డిజైను చేసిన ఇంజనీరు చూసుకుంటాడు. అతనికి లైసెన్సుంది. 2017 మార్చి 28న 119 నంబరు జీవోతో వచ్చిన బిల్డింగ్ రూల్స్ ప్రకారం ప్లాను పెట్టాలంటే లైసెన్సున్న టెక్నికల్ మనిషి సంతకం ఉండాలి. ఆర్కిటెక్టుకైతే 1972 నాటి చట్టం, కౌన్సిలు, నంబరు అన్నీ ఉన్నాయి. ఇంటికి కరెంటు వైరు లాగేవాడికి కూడా వైర్‌మన్ పర్మిట్ ఉంది. స్లాబ్ పోసేవాడి దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. నేననేది అదే. గీత గీసినవాడికి లైసెన్సు, దీపం పెట్టినవాడికి లైసెన్సు. ఇంటిల్లిపాదీ ఏ కప్పు కింద పడుకుంటారో ఆ కప్పు పోసినవాడికి మాత్రం అక్కర్లేదా?

మేస్త్రి: అక్కర్లేదనే అంటున్నాను. ఇటు చూడండి. ఈ స్తంభం రింగు. కొక్కేన్ని ఇలా తొంభై డిగ్రీలకి వంచి వదిలేస్తే పని సగం తేలిక. రాడ్ బెండింగ్ కుర్రాళ్లు అలాగే వంచుతారు. నేను నూట ముప్పై ఐదుకి వంచి, కొస లోపలికి పోయేలా చూస్తాను. స్లాబ్ రాడ్ల కింద కవర్ బ్లాకులు పెట్టకుండా కంకర ముక్కలు దోపేవాళ్లున్నారు. ఆ ముక్క జారితే రాడ్డు చెక్కకి అంటుకుపోతుంది, నాలుగు వానాకాలాలకి తుప్పు పట్టి పెచ్చులూడతాయి. ఇదంతా సాల్వెన్సీలో కనపడుతుందా, పాన్ కార్డులో కనపడుతుందా? ఈ నేల సంగతి చూడండి. నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మే నెలలో నెర్రెలోకి చెయ్యి దూరుతుంది. మామూలు పునాది వేస్తే మూడో ఏడు గోడ మూలనుంచి చీలుతుంది. అందుకే కింద బుడ్డిలా వెడల్పు చేసిన పైల్స్ వేద్దామన్నది నేను. ఖర్చని ముందు గొణిగింది మీరు.

డీఈ: గొణిగాను, ఒప్పుకున్నాను. ఆ బుడ్డి అడ్డకొలత పైలు అడ్డకొలతకి మామూలుగా రెండున్నర రెట్లు ఉండాలని కోడ్‌లో ఉంది. నీకు అది పుస్తకం చెప్పలేదు, నేల చెప్పింది. నీ చేతిని నేను తక్కువ చేయడం లేదు. కానీ 2001 జనవరి 26న భుజ్‌లో ఏమైంది? భూకంపం రాగానే ఇరవై వేలమంది దాకా పోయారు. పాత రాతి ఇళ్లే కాదు, అక్కడికి అంత దూరాన అహ్మదాబాదులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు కూడా కూలాయి. వాటిలోనూ రింగులుండే ఉంటాయి. ఎవడు ఎన్ని డిగ్రీలు వంచాడో ఎవరికి తెలుసు? మన బెజవాడ కూడా భూకంపాల పటంలో మూడో జోన్‌లో చూపించినదే.

మేస్త్రి: మీరు భుజ్ అంటే నేను మౌలివాక్కం అంటాను. 2014 జూన్ 28. చెన్నై శివార్లలో, ఇంకా కడుతున్న పదకొండు అంతస్తులు వానలో కూలి అరవై ఒక్కమంది పోయారు. అందులో మన ఉత్తరాంధ్ర నుంచి వలస పోయిన కూలీలు ఎంతమందో. అది మేస్త్రి ఇష్టం వచ్చినట్టు కట్టుకున్న గుడిసె కాదండీ. అనుమతి తెచ్చుకుని, ఇంజనీర్లని పెట్టుకుని కట్టింది. కాగితం స్లాబ్‌కి ఆనుడు కర్రలా నిలబడుతుందా?

డీఈ: నిలబడదు. కానీ కూలాక ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతుంది. అక్కడ ఎవర్ని అరెస్టు చేయాలో, విచారణ కమిషను ఎవర్ని పిలవాలో తెలిసింది. లైసెన్సంటే పనితనానికి పతకం అనుకుంటున్నావు నువ్వు. కాదు. అదొక చిరునామా. రేపు గోడ చీలితే ఎవరి తలుపు కొట్టాలో చెప్పే చిరునామా.

మేస్త్రి: నా చిరునామాకి ఏం తక్కువండీ? కంకిపాడు సెంటర్లో బస్సు దిగి ఫలానా మేస్త్రి ఇల్లెక్కడంటే ఎవరైనా చెబుతారు. నేను కట్టిన ఇంట్లో చీలిక వస్తే వాళ్లు నా మీద కేసు పెట్టరు, పెళ్లి పిలుపులో నన్ను తప్పిస్తారు. అంతకు మించిన జరిమానా ఉందా?

డీఈ: ఉన్న ఊళ్లో అదే పెద్ద జరిమానా. ఊరే మారిపోయిందయ్యా. బందరు రోడ్డు వెడల్పయింది. పోరంకి, గంగూరు, ఈడుపుగల్లు వరసగా అతుక్కుపోయి మన దాకా వచ్చేశాయి. ఫ్లాటు కొనేవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంటాడు. వాళ్లమ్మ నూజివీడులో ఉంటుంది. అతను నీ పెళ్లి పిలుపుల లిస్టులోనే లేడు. ఇక నిన్నెలా తప్పిస్తాడు?

మేస్త్రి: వాళ్లకి రెరా ఉందిగా. టీవీలో ఊదరగొట్టారు.

డీఈ: ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం. ఫ్లాటు అప్పజెప్పిన ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే ముప్పై రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో డెబ్బై శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. మంచి చట్టమే. కాకపోతే స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. కంకిపాడులో ఎనిమిది సెంట్లలో ఐదు ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్లెంతమందో నీకే బాగా తెలుసు. బిల్డర్లు కూడా లైసెన్సు తీసుకోవాలని బిల్డింగ్ రూల్స్‌లో మాటైతే ఉంది. నిన్ను ఎవరైనా అడిగారా?

మేస్త్రి: ముప్పై ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇటుక ఎక్కడిదని అడిగారు, అడుగుకి ఎంతని అడిగారు.

డీఈ: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కుని వంటగది మార్పించింది. అక్కడ 1929 నుంచీ కాంట్రాక్టర్లకని ఒక బోర్డు ఉంది. మొత్తం ఇల్లు కట్టే జనరల్ బిల్డింగ్ కాంట్రాక్టరుకి వేరే క్లాసు. గడిచిన పదేళ్లలో నాలుగేళ్లు పూర్తిస్థాయి పనివాడిగా చేసిన అనుభవం చూపించాలి. రెండు పరీక్షలు రాయాలి. ఒకటి చట్టం, వ్యాపారం మీద, రెండోది పని మీద. ఆపైన 25,000 డాలర్ల బాండు. వెయ్యి డాలర్లు, ఆపైన విలువ చేసే పని లైసెన్సు లేనివాడు పట్టకూడదు. ఆ వచ్చినతని నంబరు మా అమ్మాయి ఫోన్లో కొట్టి చూసుకుంది. అతని మీద ఏమైనా చర్యలు తీసుకున్నారా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

మేస్త్రి: మీకు కాలిఫోర్నియా ఉంటే నాకు డాలస్ ఉందండీ. మా అక్క కొడుకు అక్కడే. మొన్న ఫోన్లో ఈ మాటే వస్తే చెప్పాడు. టెక్సాస్‌లో కరెంటు పనివాడికి, ప్లంబరుకి రాష్ట్రం లైసెన్సుంది. ఇల్లు కట్టే జనరల్ కాంట్రాక్టరుకి లేదంట. ఆ డాలస్‌లో మనవాళ్లు కొనుక్కున్న ఇళ్లన్నీ కూలిపోయాయా?

డీఈ: కూలలేదు. అక్కడ సిటీ ఇన్‌స్పెక్టరు పునాది దగ్గర ఒకసారి, పైకప్పు దగ్గర ఒకసారి వచ్చి చూసి సంతకం పెట్టందే పని కదలదు. ఎవడో ఒకడు చూడాలయ్యా. మనిషిని ముందే చూడాలి, లేదా పనిని దశలవారీగా చూడాలి. మన పంచాయతీలో ఏది జరుగుతోంది?

మేస్త్రి: సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ముప్పై ఏళ్లు కాంట్రాక్టర్ల లైసెన్సులు చూశారు. ఒకటో క్లాసు వాళ్లు మీ గుమ్మం ముందు నిలబడ్డారు. మరి మీ సొంత ఇల్లు ఏ క్లాసూ లేని నాకెందుకిచ్చారు?

డీఈ గారు కాసేపు మాట్లాడలేదు. చేత్తో కుర్చీ చెయ్యి మీద తట్టారు.

డీఈ: ఈ కుర్చీ వేసుకుని కూర్చోగలను గనక. నువ్వు మంచివాడివన్నది రెండో కారణం. మొదటిది ఇదే. సిమెంటు బస్తా మీద తారీఖు చదవగలను, మిక్సరులో నీళ్లెక్కువైతే చప్పుడులో తెలుస్తుంది. కాంక్రీటు దిమ్మలు పోయించి ఇరవై ఎనిమిదో రోజు నలగ్గొట్టించగలను. నా ఇంటికి లైసెన్సు నేనే. బళ్లో పాఠాలు చెప్పుకునే పంతులమ్మ ఇల్లు కట్టించుకుంటే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? లైసెన్సు అనేది ఆవిడ తరఫున వేసిన కుర్చీ.

మేస్త్రి: ఆ కుర్చీలో కూర్చునేవాడే కమీషను అడిగితేనో? నేను చేసిన పంచాయతీ పని ఒకటుంది. పేరు ఒకరిది, లైసెన్సు ఆయనది, ఎం.బుక్కులో కొలతలు ఆయన పేర. ఇసుక నాది, చెయ్యి నాది, రాత్రుళ్లు కాపలా నాది. లైసెన్సు అద్దె కింద బిల్లులోంచి ఆయన వాటా ఆయన తీసుకున్నాడు. ఆయన ఆ పని దగ్గరికి ఒక్కసారి వచ్చాడు, అదీ ఫొటో కోసం. మీరు చెప్పే చిరునామా అదే అయితే, ఆ తలుపు కొడితే తీసేది ఎవరు?

డీఈ: అది నిజం. అది జరిగిందని నాకు తెలుసు, నాలాంటివాళ్లు చూసీ చూడనట్టు పోయామనీ తెలుసు. కానీ దానివల్ల నీకేం పోయిందో ఆలోచించావా? ఆ పని అనుభవం సర్టిఫికెట్ ఎవరికెళ్లింది? ఆయనకి. ముప్పై ఏళ్లు కట్టావు, కాగితం మీద ఒక్క లైను లేదు. రేపు నువ్వు పై క్లాసుకి వెళ్దామన్నా చూపించడానికి ఏమీ లేదు. కుర్రాడు ఇవాళ ఐదో క్లాసులో చేరితే వాడి మొదటి మురుగు కాలువ వాడి పేర రాసి ఉంటుంది.

మేస్త్రి: రాసి ఉంటుంది, బిల్లు మాత్రం రాదు. 2018–19లో ఉపాధి హామీ పనులు చేసినవాళ్ల గతేమైంది? ప్రభుత్వం మారింది, బిల్లులు ఆగాయి. పుస్తెలు కుదువపెట్టి సిమెంటు తెచ్చినవాళ్లు హైకోర్టు మెట్లెక్కారు. 2021 అక్టోబరులో పన్నెండు శాతం వడ్డీతో ఇమ్మని కోర్టు చెప్పాల్సొచ్చింది. ప్రభుత్వం వాడి సాల్వెన్సీ అడుగుతుంది. ప్రభుత్వం సాల్వెన్సీ వాడెవర్ని అడగాలి?

డీఈ: దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఇల్లు రాసివ్వకు, నేనూ ఒప్పుకుంటాను. వాడు నాలుగు రోజులు ఆగి సొంతంగా సంపాదించిన దాంతోనే చేరనీ. ఇంకొక మాట. మొన్న సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చినతను ఏడో రోజునే కర్రలు అడిగాడు కదా?

మేస్త్రి: అడిగాడు. ఇంకో సైటులో స్లాబ్ ఉందంట. కుదరదన్నాను. గదులైతే ఏడు రోజులకి తీయొచ్చు. హాలు పదహారు అడుగులు, పద్నాలుగు రోజులు కర్రలుండాల్సిందే.

డీఈ: ఆ అదనపు అద్దె నీ జేబులోంచే కదా? పక్క సైటు మేస్త్రి ఏడో రోజున లాగేస్తాడు. నీకన్నా అడుగుకి యాభై రూపాయలు తక్కువ చెప్పగలడు. కట్టించుకునేవాడికి మీ ఇద్దరికీ తేడా తెలియదు, యాభై రూపాయలే కనపడుతుంది. నీ పద్నాలుగు రోజులకి విలువ కట్టేవాడు లేడు. ఏదో ఒక గుర్తింపు ఉంటే ముందు బాగుపడేది నువ్వే.

మేస్త్రి: (చాలాసేపు స్లాబ్ కేసి చూసి) కిందటేడు ఒక పని అలాగే పోయిందండీ. సరే, గుర్తింపు పెట్టండి. కానీ ఆ పరీక్ష ఏ భాషలో పెడతారు? ఎక్కడ పెడతారు? కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నాలుగింట్లో ఒకటి టిక్కు పెట్టమంటే బీటెక్ కుర్రాడు పాసవుతాడు, నేను ఫెయిలవుతాను. తర్వాత వాడు నన్ను కూలీకి పెట్టుకుని నా చేత్తోనే కడతాడు. మళ్లీ లైసెన్సు అద్దే. పేరు మారిందంతే.

డీఈ: ఇక్కడ నేను ఓడాను. పరీక్ష సైటులోనే పెట్టాలి. తెలుగులో, నోటితో అడిగి, చేత్తో చేయించి చూడాలి. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1998లో హైదరాబాదులో న్యాక్ పెట్టారు, పనివాళ్లకి తర్ఫీదు ఇవ్వడానికి. చదువు లేకపోయినా పని వచ్చినవాడికి ఆ పనిని చూసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతీ ఇప్పుడుంది. ఆ సర్టిఫికెట్‌ని ఇల్లు కట్టే హక్కుతో ముడిపెట్టలేదు, అదే లోపం. రింగు వంచి చూపించినవాడికి ఒక నంబరు ఇవ్వాలి. ప్లాను కాగితం మీద ఇంజనీరు సంతకం పక్కన ఆ నంబరుకొక గడి ఉండాలి.

మేస్త్రి: గడి ఉంటే నింపుతాను. మావాడి సంగతికొస్తే, ఒక ఏడాది నాతో తాపీ పట్టమనండి. తర్వాత ఐదో క్లాసులో చేరనివ్వండి. వాడి లైసెన్సు ఇంకొకడికి అద్దెకిచ్చాడని తెలిసిన రోజున నేనే మీ పాత ఆఫీసుకెళ్లి రద్దు చేయిస్తాను.

డీఈ: అలాగే. నేను చెబుతాను వాడికి.

మేస్త్రి: ఇంకొకటండీ. కాగితం, చిరునామా అని పొద్దుపోయేదాకా చెప్పారు. ఈ ఇంటికి మన ఇద్దరి మధ్య కాగితం ఏది?

డీఈ: ...

మేస్త్రి: నోటిమాట మీద మొదలెట్టాం. అడ్వాన్సు మీరు కవర్లో ఇచ్చారు, నేను కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాను. రసీదు కూడా లేదు.

డీఈ గారు కుర్చీలోంచి లేచి, స్కూటరు డిక్కీలోంచి వంద రూపాయల స్టాంపు కాగితం తీశారు. ఇంకేదో పని కోసం తెచ్చుకున్నది. కుర్చీనే బల్ల చేసుకుని, మేస్త్రి ఫోన్ లైటు పట్టుకుంటే, రాయడం మొదలుపెట్టారు.

డీఈ: నీ పేరు ముందు ఏమని రాయను? కాంట్రాక్టరనా, మేస్త్రి అనా?

మేస్త్రి: మేస్త్రి అనే రాయండి. లోపం వస్తే ఎన్నేళ్ల దాకా నాదో కూడా రాయండి. రెరా వాళ్లకి ఐదేళ్లన్నారుగా, నాకూ ఐదే వేయండి. కిందనే, బిల్లు ఆలస్యమైతే మీరిచ్చే వడ్డీ.

డీఈ: వడ్డీనా? ఎంత?

మేస్త్రి: హైకోర్టు పన్నెండు అందిగా.